గడుగ్గాయి మీద కేసు

వేట నిషేధం ఉన్న రెండు నెలలూ ఇన్‌స్పెక్టరు గారికి పని ఒకటే. పొద్దున్నే రేవుకి వెళ్ళి పడవలు లెక్కపెట్టడం.

చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఆ రెండు నెలలూ ఏ పడవా రేవు దాటకూడదని ప్రభుత్వం ఉత్తర్వు. రేవులో ఉన్నవి నూట నలభై మూడు పడవలు. ఇన్‌స్పెక్టరు గారు గొడుగు వేసుకుని జెట్టీ ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ, రిజిస్టరులో ఒక్కో నంబరుకీ టిక్కు పెట్టుకుంటారు. నడవడం మాత్రం గీత గీసినట్టు జెట్టీకి సరిగ్గా మధ్యన నడుస్తారు. అంచు దగ్గరకి వెళ్ళరు. ఆయనకి నీళ్ళంటే భయం. పందొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా సముద్రం మీదకి వెళ్ళిన పాపాన పోలేదు. శాఖకి గస్తీ పడవ ఒకటి ఉంది గానీ, అది పదకొండేళ్ళుగా రిపేరులో ఉంది. అది రిపేరులో ఉన్నంతకాలం తన ప్రాణానికి ఢోకా లేదు కనుక, దాని కాగితాలు బల్ల మీదకి వచ్చినప్పుడల్లా ఆయన వాటిని మిగతా కాగితాల అడుగున దోపేవారు.

"చేపల శాఖలో ఉద్యోగం. బకెట్లో నీళ్ళు ఊగితే కళ్ళు తిరుగుతాయి. ఇలాంటి ఆఫీసరు దొరకడం చేపల అదృష్టం" అనేది ఆయన భార్య. ఆవిడ బళ్ళో లెక్కల టీచరు. తప్పు కనిపిస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టకుండా ఉండలేదు.

నిషేధం మొదలైన పన్నెండో రోజు పొద్దున లెక్క నూట నలభై రెండే వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. మళ్ళీ అంతే. లేనిది రెండు వందల పదిహేడో నంబరు పడవ. రేవులో దాన్ని నంబరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అది గడుగ్గాయి.

దాని యజమానురాలు, అందరూ పడవ పెద్దమ్మ అని పిలిచే అరవయ్యేళ్ళ మనిషి, వలల గుట్ట మీద కూర్చుని చిరిగిన వల అల్లుకుంటోంది.

"పెద్దమ్మా, మీ పడవేదీ?"

"వెళ్ళింది బాబూ."

"ఎవరు తీసుకెళ్ళారు?"

"ఎవరూ తీసుకెళ్ళలేదు. అదే వెళ్ళింది. రెండింటికల్లా వచ్చేస్తుందిలే."

ఇన్‌స్పెక్టరు గారు తల పట్టుకున్నారు. పడవ తనంతట తాను వెళ్ళిందని కాదు. గడుగ్గాయిని కట్టింది ఒక పాత పడవ చెక్కలతో. ఆ పాత పడవ కూడా ఇలాగే బుద్ధి పుట్టినప్పుడల్లా తిరిగి వచ్చేది. తల్లి బుద్ధులు ఎక్కడికి పోతాయని రేవులో అందరూ అనుకునే మాటే. ఆయన తల పట్టుకున్నది నిషేధంలో వెళ్ళినందుకు.

"మామూలు రోజుల్లో ఎంతైనా తిరగనీయండి పెద్దమ్మా, ఎవరు కాదన్నారు? ఈ రెండు నెలలైనా కాస్త చెప్పుకోవద్దూ?"

"చెప్పలేదనుకున్నావా? రెండు మోకులేసి కట్టాను. తెంచుకుని పోతే తాళ్ళు పాడవుతాయని విప్పుకుని మరీ వెళ్ళింది. అదిగో, రెంటినీ చుట్టలు చుట్టి జెట్టీ మీద పెట్టింది చూడు. పాతికేళ్ళు కాపురం చేశాను, మా ఆయన ఒక్కనాడూ తువ్వాలు మడత పెట్టి ఎరగడు."

రెండింటికి గడుగ్గాయి వచ్చింది. ఇంజను ఆపేసి ఉంది. డీజిలు ముల్లు నిన్న ఎక్కడుందో అక్కడే ఉంది. వలలు పొడిగా ఉన్నాయి. లోపల ఒక్క చేప లేదు. పడవ వచ్చి దాని చోట అది నిలబడి, బడి నుంచి వచ్చిన పిల్లలా కాసేపు అటూ ఇటూ ఊగి ఊరుకుంది. చేప లేదు గదా అని ఇన్‌స్పెక్టరు గారు కూడా ఊరుకున్నారు. రిజిస్టరులో టిక్కు పెట్టేశారు.

నాలుగు రోజులు ఆ టిక్కుతోనే గడిచాయి. ఐదో రోజు పేపర్లో ఫోటో పడింది. నడిసముద్రంలో ఖాళీ పడవ, కింద పెద్ద అక్షరాలు: "నిషేధం మనుషులకేనా? పడవలకి వర్తించదా?"

పదింటికల్లా అసిస్టెంట్ డైరెక్టరు గారి నుంచి పిలుపు వచ్చింది. ఏడీ గారు ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసున్న మనిషి. నున్నటి బట్టతల. నిబంధనల పుస్తకం చూడక్కర్లేకుండా పేజీ నంబర్లతో సహా చెప్పగలరు.

"సార్, అందులో మనుషులెవరూ లేరు సార్" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"మనుషులుండాలని ఎవరన్నారు? చట్టంలో ఏముంది? 'నిషేధ కాలములో ఏ పడవయు రేవు విడిచి వెళ్ళరాదు.' పడవ కర్త. వెళ్ళుట క్రియ. చక్కగా కుదిరింది. నేరం రుజువైతే లైసెన్సు రద్దు."

"ఒక్క చేప కూడా పట్టలేదు సార్."

"అది విచారణలో తేలాలి. నోటీసివ్వండి. స్థల తనిఖీ చేసి రిపోర్టివ్వండి."

"స్థల తనిఖీ అంటే... జెట్టీ మీద చేశాను సార్."

"నేరం జరిగిన స్థలం జెట్టీయా?" అన్నారు ఏడీ గారు.

ఇన్‌స్పెక్టరు గారు కిటికీలోంచి కనిపించే సముద్రం వైపు చూసి, ఒక అడుగు వెనక్కి వేశారు.

నోటీసు ఒక కాపీ పెద్దమ్మకిచ్చి, ఇంకొకటి పడవకి అంటించారు. "నీ వివరణ ఏడు రోజులలోగా సమర్పించుము" అని టైపు చేసి ఉంటే, ఎందుకో మనసొప్పక, "నీ" కొట్టేసి "మీ" అని దిద్దారు. మర్నాడు గడుగ్గాయి నోటీసుతో సహా వెళ్ళి నోటీసు లేకుండా వచ్చింది. అందినట్టే అని ఆఫీసు గుమాస్తా ఫైల్లో రాసుకున్నాడు.

పెద్దమ్మ మాత్రం తన కాపీని నాలుగు మడతలు పెట్టి చేతిలోనే పట్టుకుని కూర్చుంది. "లైసెన్సు పోతే నా ఒక్కదానిదే కాదు బాబూ, దాని మీద పనిచేసే ఐదుగురి పొయ్యిలూ ఆరిపోతాయి. నేను బతిమాలను. ఒక్కటే అడుగుతాను. అదెక్కడికి వెళ్తుందో నేనొకసారి వెళ్ళి చూశాను. నువ్వూ వెళ్ళు. వెళ్ళి కళ్ళతో చూసింది రాయి."

ఆ మాట ఇంటికి వెళ్ళి భార్యకి చెప్పి, "నీళ్ళంటే నా సంగతి నీకు తెలుసు కదా. వెళ్ళొచ్చినట్టు రాసేస్తే సరిపోదూ?" అన్నారాయన.

"చూశానని రాయాలంటే చూడండి. చూడలేకపోతే చూడలేదని రాయండి. చూడకుండా చూసినట్టు రాస్తే మాత్రం, మీ రిపోర్టు మీద నేనే సున్నా చుట్టి పంపిస్తాను" అందావిడ. పొద్దున్నే లేచి సంచీలో తువ్వాలు, రెండు నిమ్మకాయలు, ఒక డజను ప్లాస్టిక్ కవర్లు సర్దిపెట్టింది.

ఇన్‌స్పెక్టరు గారు పడవ ఎక్కి, చుక్కాని పక్కనున్న ఇనప స్తంభాన్ని కావలించుకుని కూర్చున్నారు. అరగంటయినా పడవ కదల్లేదు.

"మొహమాటపడుతోంది" అంది పెద్దమ్మ జెట్టీ మీద నుంచి. "కొత్త మనిషివి కదా. కాసేపు కళ్ళు మూసుకో."

ఆయన మూసుకున్నారు. తెరిచేసరికి మోకులు రెండూ చుట్టలు చుట్టుకుని జెట్టీ మీద ఉన్నాయి. జెట్టీ అరచేతి మందాన ఎక్కడో ఉంది.

తర్వాత గంటసేపు జరిగింది చెప్పుకోదగ్గది కాదు. పొద్దున తిన్నది, రాత్రి తిన్నది, చిన్నప్పుడు తాగిన పాలతో సహా వచ్చేశాయని ఆయన తర్వాత భార్యకి చెప్పారు. కవర్లు పన్నెండూ అయిపోయాయి. ఒక్కటి మాత్రం ఆయన గమనించారు. ఆయన వంగినప్పుడల్లా పడవ నెమ్మదించేది. మూతి తుడుచుకుని లేచాక మళ్ళీ సాగేది.

ఒకచోట అది ఆగిపోయింది. నీళ్ళు అక్కడ లోతు తక్కువ, అడుగు కనిపిస్తోంది. ఎండ చురుక్కుమంటోంది. పడవ నీడ నీళ్ళలో పరుచుకోగానే ఎక్కడెక్కడి చేపలూ ఆ నీడలోకి రావడం మొదలుపెట్టాయి. మొదట పది, తర్వాత వంద, ఆ తర్వాత లెక్క తప్పింది. పొట్టలు బరువెక్కి ఉన్న చేపలు. ఇన్‌స్పెక్టరు గారు ఎప్పుడు స్తంభం వదిలేశారో ఆయనకే తెలియదు. అంచున బోర్లా పడుకుని తల కిందికి వేలాడదీసి చూస్తున్నారు. చూస్తుండగానే నీళ్ళు తెల్లబడ్డాయి. ఎవరో కుండెడు పాలు ఒలకబోసినట్టు, పడవ చుట్టూ సముద్రమంతా గుడ్లు.

పందొమ్మిదేళ్ళుగా ఏటా ఆయన తన చేత్తోనే ఆ వాక్యం రాసి గోడలకి అంటించారు: "చేపలు గుడ్లు పెట్టు కాలము గనుక." రాయడమే గానీ, గుడ్లు పెట్టడమంటే ఇదీ అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. పురిటి గది గుమ్మంలో కూర్చున్న అమ్మమ్మలా పడవ కదలకుండా మెదలకుండా నిలబడి ఉంది.

అంతలో హారన్ మోగింది.

మూడంతస్తుల తెల్ల ఓడ. వెనక చెరువంత వల ఈడ్చుకుంటూ నేరుగా ఇటే వస్తోంది. గడుగ్గాయి తన నీడలో ఉన్న చేపల్ని వదిలేసి గిరుక్కున తిరిగింది. వెళ్ళి ఓడ ముక్కుకి అడ్డంగా నిలబడింది. ఇన్‌స్పెక్టరు గారు మళ్ళీ స్తంభాన్ని కావలించుకున్నారు.

ఓడ నడిపే సరంగు మైకులో అరిచాడు. "ఎవరయ్యా ఆ పడవ నడిపేది?"

"ఎవరూ నడపట్లేదు!"

"మరి నువ్వెవరు?"

"ఇన్‌స్పెక్టర్ని!"

"ఏ ఇన్‌స్పెక్టరు?"

జవాబు చెప్పబోయి ఆయన మళ్ళీ వాంతి చేసుకున్నారు. దాంతో సరంగుకి నమ్మకం కుదిరింది. నీళ్ళ మీద ఇంత ఇబ్బంది పడేవాడు చేపల శాఖ ఆఫీసరు తప్ప ఇంకొకడు కాడు. ఓడ ఆపించి, గొంతు మార్చి మర్యాదగా చెప్పాడు. "మాకు పర్మిషనుందండీ. పరిశోధన ఓడ మాది. మీ ఏడీ గారు సంతకం పెట్టిన కాగితం ఉంది."

"ఏం పరిశోధన?"

"సముద్రంలో చేపలెన్ని ఉన్నాయో పరిశోధిస్తున్నామండి."

"వలతోనా?"

"అన్నీ పట్టేసి లెక్కపెడితే సరిగ్గా తెలుస్తుంది కదండీ."

ఇన్‌స్పెక్టరు గారు చిన్న గొంతుతోనే అయినా వల అంచు కిందకి దించమన్నారు. జేబులోంచి స్కేలు తీశారు. పడవ ఊగుతోంది గనుక స్కేలు కుదరలేదు. చిటికెన వేలు పెట్టి చూశారు. దారాల మధ్య సందులో, అదే వల కంట్లో, అది కూడా దూరలేదు. "ఇది కన్ను కాదు, గుడ్డికన్ను" అని గొణుక్కుని రాసుకున్నారు. గడుగ్గాయి అక్కణ్ణించి అంగుళం జరగలేదు. గంటసేపు హారన్ కొట్టీ కొట్టీ విసిగిపోయి ఓడ వల ఎత్తుకుని వెళ్ళిపోయింది.

రిపోర్టు రెండు పేజీలొచ్చింది. మొదటి పేజీలో పడవ సంగతి, రెండో పేజీలో ఓడ సంగతి. భార్య చదివి ఒక్క సున్నా కూడా చుట్టలేదు. వాళ్ళ కాపురంలో అదే మొదటిసారి.

ఏడీ గారు చదివి రెండో పేజీ మీద చెయ్యి పెట్టారు. "ఇది తీసేయండి."

"సార్?"

"ఆ అనుమతి నేనే ఇచ్చాను. పైనుంచి చెప్పారు, ఇచ్చాను. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? పడవ వెళ్ళిందని మొదటి పేజీలో మీరే రాశారు. నాకది చాలు." గొంతు తగ్గించి, "ఆ కొండల అవతల మనకో చేపల చెరువు ఆఫీసుంది. మోకాలి లోతు నీళ్ళు. మీకు బాగుంటుంది" అన్నారు.

మోకాలి లోతు! ఇన్‌స్పెక్టరు గారికి ఆ చెరువు కళ్ళ ముందు కనిపించింది. అలల్లేని నీళ్ళు, గట్టు మీద కుర్చీ. నోరు తెరిచి "చిత్తం సార్" అందామనుకున్నారు. బయటికొచ్చిన మాట "వద్దు సార్." ఆ మాటకి ఏడీ గారి కన్నా ఆయనే ఎక్కువ ఉలిక్కిపడ్డారు.

"అయితే విచారణ బుధవారం, జెట్టీ మీదే" అన్నారు ఏడీ గారు ఫైలు మూస్తూ. "పడవ మీదా, మీ మీదా."

"నా మీద దేనికి సార్?"

"నిషేధ కాలంలో సముద్రం మీదకి వెళ్ళినందుకు. మీరే రాశారుగా."

బుధవారం పదింటికి జెట్టీ మీద బల్ల, కుర్చీ, గ్లాసుతో నీళ్ళు పెట్టారు. రేవు రేవంతా అక్కడే ఉంది. రోజూ ఎనిమిదింటికల్లా వెళ్ళిపోయే గడుగ్గాయి ఆ రోజు వెళ్ళకుండా ఆగింది. నోటీసు అందిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలన్నాడు గుమాస్తా.

ఏడీ గారు ఆరోపణ చదివారు. పెద్దమ్మని అడిగితే, "నా పడవ తప్పు చెయ్యలేదయ్యగారూ. నేను చెప్తే మీరు నమ్మరు" అని కూర్చుంది. ఇన్‌స్పెక్టరు గారిని అడిగితే, "రెండో పేజీ కూడా చదవండి సార్" అన్నారు. ఏడీ గారు చదవలేదు. ముందు ముద్దాయిని గుర్తించాలన్నారు. నంబరూ, పొడవూ, వెడల్పూ సర్టిఫికెట్లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అధికారి స్వయంగా కొలవాలని నిబంధన. ఇన్‌స్పెక్టరు గారు ముద్దాయి గనుక ఆయన పనికిరారు. ఏడీ గారే టేపు తీసుకుని బూట్లు టకటకలాడిస్తూ పడవ ఎక్కారు.

"అయ్యగారూ, ఒక్క మాట..." అంది పెద్దమ్మ.

"విచారణ మధ్యలో మాట్లాడకూడదు" అన్నారాయన.

పెద్దమ్మ వల అందుకుని అల్లుకోసాగింది. ఆయన వంగి పొడవు కొలుస్తుంటే మోకులు రెండూ నెమ్మదిగా ముళ్ళు విడి, చుట్టలు చుట్టుకుని జెట్టీ మీదకి వచ్చి పడ్డాయి. ఏడీ గారు తలెత్తి చూసేసరికి జెట్టీ ఇరవై గజాల దూరంలో ఉంది.

"ఇది ధిక్కారం!" అని అరిచారు. "రాసుకోండి! విచారణలో ఉండగా పరారీ! పేజీ నలభై రెండు!"

గుమాస్తా రాసుకున్నాడు. ఏడీ గారు నిబంధనలు చెబుతూనే ఉన్నారు. పేజీ యాభై ఆరు వరకూ వినిపించాయి. ఆ తర్వాత గాలి అటు తిరిగింది.

"ఆయనకేమైనా అయితే నా ఉద్యోగం ఊడిపోతుంది పెద్దమ్మా" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"ఏమీ కాదు. కూర్చో. నిన్ను పువ్వులా తీసుకొచ్చిందా లేదా?"

రెండయింది, రాలేదు. మూడయింది. నాలుగయ్యేసరికి పెద్దమ్మ కూడా అల్లడం ఆపి సముద్రం వైపే చూస్తోంది. నాలుగున్నరకి దూరంగా చుక్కలా కనిపించింది.

ఏడీ గారు పడవ ముందు భాగంలో కూర్చుని ఉన్నారు. బూట్లు ఒళ్ళో ఉన్నాయి. బట్టతల ఎండకి కందిపోయింది. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. మోచేతుల దాకా పొలుసులు అంటుకుని మిలమిలలాడుతున్నాయి. ఇన్‌స్పెక్టరు గారు చెయ్యి అందిస్తే పట్టుకుని దిగారు. వచ్చి కుర్చీలో కూర్చుని, గ్లాసుడు నీళ్ళూ గటగటా తాగేశారు.

"ఓడ కనిపించిందా సార్?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు నెమ్మదిగా.

"కనిపించింది. వల పైకి లాగుతున్నారు. ఆపమన్నాను. ఆ సరంగు లోపలికి వెళ్ళి కాగితం తెచ్చి నాకు చూపించాడయ్యా. నా సంతకం నాకే చూపించాడు." ఏడీ గారు తన చేతుల వైపు చూసుకున్నారు. "ఆ వల్లో అన్నీ గుడ్లతో ఉన్న చేపలే. పడవ అంచు దాకా వచ్చిన వల్లోకి ఇలా చేతులు పెట్టి కొన్నింటిని వదిలాను. ఎన్నని వదులుతాను? రెండు చేతులే కదా నాకున్నవి."

ఫైలు ఇమ్మన్నారు. రెండో పేజీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. దాని కిందే రాశారు: పరిశోధన అనుమతి ఈ రోజు నుంచి రద్దు. సంతకం పెట్టేటప్పుడు కాగితం మీద రెండు పొలుసులు రాలాయి. దులపలేదు. ఆ తర్వాత మొదటి పేజీ తిప్పి, చాలాసేపు కలం నోట్లో పెట్టుకుని ఆలోచించారు.

"పడవ రేవు విడిచి వెళ్ళుట వాస్తవం" అని చదువుతూ రాశారు. పెద్దమ్మ ముఖం పాలిపోయింది. "అయితే శాఖ అధికారి పడవలో ఉన్నందున, దానిని గస్తీగా పరిగణించడమైనది."

"మిగతా రోజులు ఎవరూ లేరు కదండీ?" అన్నాడు గుమాస్తా.

ఏడీ గారు ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసూ కూడగట్టుకుని ఒక్క క్షణం ఆలోచించారు. "అవి స్వచ్ఛంద సేవ. రాసుకో."

పెద్దమ్మ ఒళ్ళోని వలలో ముఖం దాచుకుంది. నవ్విందో ఏడ్చిందో వలకే తెలియాలి.

మర్నాడు ఎనిమిదింటికి ఏడీ గారే స్వయంగా రేవుకొచ్చారు. ఇన్‌స్పెక్టరు గారి చేతిలో ఉత్తర్వు పెట్టారు. శాఖ పడవ బాగయ్యే వరకూ రెండు వందల పదిహేడో నంబరు గస్తీ పడవ. నిషేధం ముగిసే వరకూ ఇన్‌స్పెక్టరు గారు రోజూ దాని మీద వెళ్ళాలి. ఆయన దాన్ని రెండుసార్లు చదివి రిజిస్టరులో పెట్టుకున్నారు.

అప్పుడే ఏడీ గారి ఫోను మోగింది. నంబరు చూసి ఆయన నిటారుగా నిలబడ్డారు.

"సార్... అవును సార్, నేనే రద్దు చేశాను సార్... తెలుసు సార్, మీరే చెప్పారు... ఎవరు చెప్పగా చేశానంటే..." గడుగ్గాయి వైపు ఓసారి చూశారు. "అది ఫోన్లో చెప్తే అర్థమయ్యేది కాదు సార్. ఒక్కసారి మీరే రండి. ఒక్క పూట పని. పడవ మేమే ఏర్పాటు చేస్తాం... లేదు సార్, డ్రైవరు ఉండడు. అక్కర్లేదు సార్." అవతల ఏం అంటున్నారో, ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకుని విన్నారు. తర్వాత దాన్ని అరచేత్తో మూసి, ఇన్‌స్పెక్టరు గారి వైపు తిరిగారు.

"ఇంకా ఇక్కడే నిలబడ్డారేమయ్యా? వెళ్ళండి. అది మీకోసం ఆగేలా లేదు."

ఆయన తిరిగి చూశారు. గడుగ్గాయి అప్పటికే కదిలింది. జెట్టీకీ దానికీ మధ్య మూరెడు నీళ్ళున్నాయి, అది బారెడవుతోంది. ఇన్‌స్పెక్టరు గారు గొడుగు పెద్దమ్మ ఒళ్ళోకి విసిరేసి, రిజిస్టరు చంకన పెట్టుకుని, దూకారు.